ఇంటికి హోమ్ చాలదా?

పోయిన వారం మనం తాళాలాయన్ని ఎక్కడ వదిలేసి వచ్చామో గుర్తుందిగా? భోజనాల బల్ల ముందు, చేతిలో స్క్రూడ్రైవరు, పెదాల మధ్య స్క్రూ. పాపం, వారమంతా ఆ స్క్రూని మింగకుండా, ఉమ్మకుండా మన కోసం కాచుకుని కూర్చున్నాడు. ఇంక తీసేద్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈయన పని తాళాలు బాగుచేయడం, మారుతాళాలు కోయడం. ఈయన భార్య నీళ్ళ ల్యాబులో స్టోరు చూస్తుంది. ఊళ్ళో కుళాయిల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి పరీక్షచేసే ఆఫీసు అది. ఆ స్టోరులోంచి ఒక కంప్యూటరు మాయమైంది. తాళం పగల్లేదు, గొళ్ళెం వంగలేదు, కిటికీ ఊచ కదల్లేదు. తాళంచెవి పగలు ఉండేది ఆవిడ దగ్గర, సాయంత్రం ఆఫీసులో అప్పజెప్పి వస్తుంది. తాళంచెవి లేకుండా తెరవగలిగిన మొగుడు ఉన్నదీ ఆవిడకే. ఇంకేముంది, ఆఫీసంతా రెండూ రెండూ పక్కపక్కన పెట్టి ఇరవై రెండని చదివేసింది. రేపు సోమవారం విచారణ. రుజువైందా, ఆవిడ ఉద్యోగం ఊడుతుంది, ఈయన కొట్టుకి తాళం పడుతుంది. తాళాల కొట్టుకి తాళం పడడంలో ఉన్న తమాషా మామూలు రోజుల్లో అయితే ఆయనే పదిమందికి చెప్పుకుని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. దొంగ అన్న మాట ఒక్కసారి అంటుకుంటే ఏ ఇల్లాలూ తన బీరువా తాళం ఆయన చేతిలో పెట్టదు.

ఇంత రభస మధ్య ఇంట్లో కంప్యూటరు కట్టుకోవడం ఏమిటంటారా? కొత్తరకం తాళంచెవులు కోసే మిషను కొన్నాడు. దానికి కళ్ళూ చేతులూ ఉన్నాయిగానీ బుర్ర లేదు, కంప్యూటరు చెబితేగాని కోయదు. కొట్లో దొరికే రెడీమేడ్ పెట్టె కొంటే పోయేది. కానీ ఎవరో బిగించిన పెట్టెని నమ్మే మనిషి కాదు. అనుమానం పెనుభూతం అంటారు, ఈయన దగ్గర అది పెంపుడు భూతం. కాబట్టి ముక్కలు తెప్పించి సొంతచేత్తో బిగించుకుంటానన్నాడు. ముక్కలు తెచ్చింది బావమరిది. కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి, మాట్లాడటం ప్రవృత్తి. కన్నవాళ్ళు ఏ పేరు పెట్టారోగానీ బజారంతా ర్యామ్‌బాబు అనే పిలుస్తుంది.

ఇక స్క్రూ సంగతి. మదర్‌బోర్డు, అంటే మిగతా ముక్కలన్నిటినీ ఒళ్ళో కూర్చోబెట్టుకునే తల్లి పలక, దాన్ని పెట్టెలో బిగిస్తుండగా తాళాలాయన చెయ్యి ఆగిపోయింది. పలక మూలల్లో స్క్రూలు దూరే రంధ్రాలున్నాయి. వాటి చుట్టూ సన్నటి మెరుపు, ఉంగరం తీసేసిన వేలి మీద గుర్తులాగ. అంటే ఇదివరకే ఎవరో దీన్ని ఎక్కడో బిగించారు, విప్పారు. తాళాలాయనకి మొహాలు గుర్తుండవు, గీతలు గుర్తుంటాయి. తాళం కన్నం చుట్టూ గీతలు చూసి ఆ ఇంటాయన ఎన్ని గంటలకి, ఏ స్థితిలో ఇంటికొస్తాడో చెప్పగలడు. అలాంటివాడికి, సీలువేసిన కొత్త అట్టపెట్టెలోంచి తీసిన పలక మీద పాత ఉంగరాలు.

స్క్రూ నోట్లోంచి తీశాడు. బిగించాడు. బావమరిదిని మాత్రం ఏమీ అడగలేదు.

అడగకపోవడం ఆయన పిరికితనం అనుకునేరు. అది వాళ్ళ వృత్తిలో కట్టుబాటు. పని నేర్పిన పెదనాన్న మొదటి రోజే చెప్పాడట: తాళం ఎవరిదని అడిగినవాడు సాక్షి అవుతాడు, అడగనివాడు మేస్త్రి అవుతాడు అని. ఆ మాట తాళాలాయనకి ఎముకల్లోకి ఇంకింది. ఎవరు ఏ తాళంచెవి తెచ్చినా చేతిలోకి తీసుకుంటాడు, పళ్ళు చూస్తాడు, కోస్తాడు, ఇచ్చేస్తాడు. కొట్లో అలవాటు కాస్తా ఇంట్లోకి నడిచొచ్చింది. ఇంట్లోనూ చూస్తాడు, అనుమానిస్తాడు, లోపల దాచుకుంటాడు. అనుమానాల విషయంలో ఆయన కడుపు ఒక గాద్రెజు బీరువా, తాళం మాత్రం ఆయన దగ్గరే లేదు.

ఉదాహరణకి వంటింటి కుళాయి. నెల్లాళ్ళుగా దానికి గుడ్డ చుట్టి ఉంది. కారుతోందండీ అని భార్య చెప్పింది. ఆవిడ ఆఫీసుకి వెళ్ళాక విప్పి చూశాడు. వాషరు శుభ్రంగా ఉంది, చుక్క కారడం లేదు. మళ్ళీ అదే ముడి వేసి ఊరుకున్నాడు. అప్పటినుంచే ఇంట్లోకి తాగేనీళ్ళ డబ్బాలు రావడం మొదలైంది. కుళాయినీళ్ళ రుచి బాగోలేదందావిడ. ఏ వారపత్రికలోనో ఆరోగ్యం పేజీ చదివి ఉంటుందని ఈయన సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకోలేదు, లోపల పెట్టుకున్నాడు.

సరే, ముక్కలు బిగిశాయి. పెట్టె మూతపడింది. ఆదివారం మధ్యాహ్నం, కిటికీలోంచి బల్లమీద పడ్డ ఎండలో దుమ్ము తప్ప ఏదీ కదలడం లేదు. ర్యామ్‌బాబు జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, ఇప్పుడు దీనికి ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాలి బావా అన్నాడు. ఆపరేటింగ్ అన్నావు కాబట్టి ముందు మత్తు ఇవ్వాలేమోరా అన్నాడు తాళాలాయన. జోకు వేశాడంటే గమనిస్తున్నాడని అర్థం. ఆయన జోకులు కుక్క తోకలాంటివి కావు, పిల్లి తోకలాంటివి. ఊగితే సంతోషం కాదు, వేట.

మొదటి తగవు పదా, పదకొండా అని. కిటికీల పేరు పెట్టుకున్న ఆ సిస్టంలో పదో నంబరుది పాతది, పదకొండోది కొత్తది. తాళాలాయన పది అన్నాడు. పదిమందీ వాడింది, పదికాలాలు నిలిచింది, పదిలంగా ఉంటుంది అని మూడు కారణాలు చెప్పాడు. మూడింటిలోనూ పది ఉండటం తప్ప వాటిలో సాంకేతికం ఏమీ లేదు. ర్యామ్‌బాబు ఓపిగ్గా వివరించాడు. పదికి మరమ్మతులు పంపడం దాన్ని చేసినవాళ్ళు ఆపేశారు బావా, కొత్తగా కన్నం పడితే పూడ్చే నాథుడు లేడు, మీ తాళాల భాషలో చెప్పాలంటే విడిభాగాలు దొరకని తాళం అన్నాడు. ఆ ముక్కతో తాళాలాయన మెత్తబడ్డాడు. అయితే డ్రైవర్లు కూడా కావాలని బావమరిది అన్నప్పుడు, బల్ల మీద స్క్రూడ్రైవరు ఉందిగా, లోపల ఇంకో డ్రైవరెందుకు, పెట్టె ఎక్కడికైనా ప్రయాణం కట్టిందా అని ఒక చిన్న రాయి విసిరాడు. అంతే. పదకొండుకి ఒప్పుకున్నాడు. భాష దగ్గర మాత్రం పట్టుబట్టి తెలుగు పెట్టించాడు. నా ఇంట్లో పెట్టె నాతో నా భాషలోనే మాట్లాడాలి, అబద్ధం చెప్పినా సరే అన్నాడు.

ఇక్కడిదాకా బావా బావమరుదుల సరసం. తర్వాతి తెర మీద అసలు విరసం వచ్చింది. ఏ రకం ఎక్కించమంటావు అని పెట్టె అడిగింది. వరసగా నాలుగైదు పేర్లు. వాటిలో పైన హోమ్, కింద ప్రొఫెషనల్.

ర్యామ్‌బాబు బాణం గుర్తుని హోమ్ మీదికి తోశాడు. తాళాలాయన ఆగమన్నాడు. ఈ పెట్టె ఎందుకు కడుతున్నాం, వృత్తి కోసం. నేనేమిటి, వృత్తి చేసుకునేవాణ్ణి. మరి ప్రొఫెషనల్ ఉండగా హోమ్ ఎందుకు? భోజనాల బల్ల మీద కూర్చుని పనిచేసినంత మాత్రాన నేను వంటవాణ్ణా అన్నాడు.

ర్యామ్‌బాబు చెప్పిన సమాధానాలు ఒకదానికొకటి చుట్టాలు కావు. హోమ్ తేలిక అన్నాడు. ప్రొఫెషనల్‌లో ఉన్నవి మీకు అక్కర్లేదు అన్నాడు. ప్రొఫెషనల్ పెడితే పెట్టె వేడెక్కుతుంది అన్నాడు. చివరిది అంటున్నప్పుడు తన మొహమే వేడెక్కింది. అప్పటిదాకా అరటిపండు ఒలిచినట్టు చెప్పినవాడు, ఇప్పుడు పనస పండుతో కుస్తీ పట్టినట్టు చెబుతున్నాడు.

తాళాలాయన గమనించింది ఇదీ: ప్రపంచంలో ఏ వ్యాపారైనా చిన్నది అడిగితే పెద్దది అంటగడతాడు. చొక్కా గుడ్డకి వెళ్తే దుప్పటి కూడా చుట్టిస్తాడు. వీడేమో పెద్దది వద్దు, చిన్నది పెట్టుకోండి బావా అని బతిమాలుతున్నాడు. బతిమాలే తలుపు వెనకే ఏదో ఉంటుందని తాళాలవాళ్ళ అనుభవం. నాలుగు అరలున్న బీరువా చూపించి, పై మూడూ తెరవండి, అడుగుది ఖాళీయే అన్నారంటే, అసలు పని అడుగు అరలోనే.

ఇంకొకటి కూడా ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. ఇందాక భార్య చెప్పులు వేసుకుంటూ, బావా బావమరుదులు పదా పదకొండా అని వాదించుకుంటుంటే వెనక్కి తిరిగి, ఇంటికి హోమ్ చాలదా అంది. అని వెళ్ళిపోయింది, నీళ్ళ డబ్బాకి. అప్పుడు అది హాస్యం అనుకున్నాడు, ఇంటికి ఇల్లు చాలదా అన్నట్టు. ఇప్పుడు ఆ మాట చెవిలో తిరగబడింది. అప్పటికింకా ఆ హోమ్, ప్రొఫెషనల్ అన్న తెరే రాలేదు. పేర్లే ఎవరూ ఎత్తలేదు. మరి ఆవిడకి హోమ్ అని ఒకటుందని ఎవరు చెప్పారు?

అడగొచ్చు. బావమరిది పక్కనే ఉన్నాడు, నోరు తన దగ్గరే ఉంది. అడగలేదు. చెయ్యి చాచి తనే బాణాన్ని ప్రొఫెషనల్ మీదికి లాగి నొక్కేశాడు.

ర్యామ్‌బాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత చాలా మామూలుగా, మామూలుగా ఉండటానికి చాలా కష్టపడుతూ, సరే బావా మీ ఇష్టం, కానీ నెట్ వైరు మాత్రం పెట్టకండి అన్నాడు. మొదట్లో అది నెట్ అడుగుతుంది, ఇవ్వకూడదు, ఇవ్వకుండా దాటించే దొడ్డిదారి నాకు తెలుసు అన్నాడు. ఎందుకు ఇవ్వకూడదో చెప్పలేదు. ఈయన అడగలేదు. పెట్టె తనపాటికి తను పని చేసుకుపోతోంది. తెర మీద సున్నాలో చుక్కలు చుక్కల్ని తరుముతున్నాయి. ఇద్దరూ ఆ చుక్కలకేసే చూస్తున్నారు, ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూడాల్సిన పని లేకుండా.

అదే సమయానికి కింద వీధిలోంచి భార్య కేక వినిపించింది. లిఫ్టు పని చేయడం లేదు, డబ్బా మొయ్యడానికి తమ్ముణ్ణి పంపమంటోంది. ర్యామ్‌బాబు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, దేన్నీ ముట్టుకోవద్దు బావా అన్నాడు. మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి, గోడ మూల చుట్టగా పడి ఉన్న నీలం వైరు వంక ఒకసారి చూసి, మెట్లు దిగాడు.

పెదనాన్న చెప్పినవాటిలో రెండోది: తాళం ఎక్కడుందో తెలియకపోతే ఇంటివాళ్ళని అడక్కు, వాళ్ళ చూపు ఎటు వెళ్ళిందో అటు వెళ్ళు.

తాళాలాయన లేచి నీలం వైరు దగ్గరికి వెళ్ళాడు.

ఆయన మనసులో ఉన్న లెక్క చెప్పి తీరాలి, లేకపోతే మనం ఆయనకి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. బావమరిది వాడేసిన పలకని కొత్తదని అంటగట్టాడు. ప్రొఫెషనల్ పెట్టి నెట్ కలిపితే ఎక్కడో ఆ సంగతి బయటపడుతుంది, అందుకే ఈ మెలికలు. అంతే ఆయన అనుమానం. బావమరిది చేసిన చిన్న మోసాన్ని అడగకుండా, మాట అనకుండా, పెట్టె చేతనే చెప్పిద్దామనుకున్నాడు. సొంత చుట్టాన్ని నిలదీసే పాపం పెట్టె నెత్తిన పెడదామనుకున్నాడు. నోరు మెదపకుండా నిజం తెలుసుకోవడం కన్నా మంచి పని లోకంలో లేదని ఆయన నమ్మకం.

వైరు తెచ్చాడు. పెట్టె వెనక కన్నం వెతికాడు. ఆయనకి కన్నం దొరక్కపోవడమా? టక్కుమని దిగింది.

చుక్కలు ఆగాయి. తెర ఒకసారి నల్లబడింది. తర్వాత తెల్లగా వెలిగి, ఆయన కోరుకున్నట్టే, శుద్ధమైన తెలుగులో మాట్లాడింది.

నీటి పరీక్షల కేంద్రానికి స్వాగతం. మీ కార్యాలయం ఇచ్చిన ఖాతాతో లోపలికి రండి.

పక్కనే చిన్న బొమ్మ. నీలం బిందువు, దాని మీద అడ్డంగా గీత. ఆ బొమ్మ ఈ ఇంట్లో అందరికీ తెలుసు. భార్య మెళ్ళో వేలాడే కార్డు మీద ఉంటుంది. ఆ మెడ పట్టీ ఇప్పుడు కూడా అదిగో, గోడకి కొట్టిన మేకుకి వేలాడుతోంది. తెర మీద ఒక బిందువు, మేకుకి ఒక బిందువు. తాళాలాయన రెంటినీ మార్చి మార్చి చూశాడు. తన నుదుటి మీద మూడో బిందువు పుట్టింది.

ఊరంతా వెతుకుతున్న కంప్యూటరు భోజనాల బల్ల మీద కూర్చుని తనకి స్వాగతం పలుకుతోంది. తన ఇంట్లోకి తనకే స్వాగతం.

మెట్ల మీద డబ్బా దించి ఎత్తుకుంటున్న చప్పుడు. ముందు ర్యామ్‌బాబు వచ్చాడు, భుజం మీద డబ్బాతో. తెర కనిపించింది. డబ్బాని దించలేదు. అలాగే నిలబడ్డాడు, డబ్బాలో నీళ్ళు మాత్రం ఇంకా ఊగుతున్నాయి.

"వైరు పెట్టావా బావా," అన్నాడు. ఎప్పుడూ మీరు అనేవాడు.

తాళాలాయన వైరు పీకేశాడు. పీకినా తెర మీది అక్షరాలు పోలేదు.

తర్వాత ర్యామ్‌బాబు చెప్పింది కుదించి చెబుతాను, ఎందుకంటే అతను చెప్పినప్పుడు నీళ్ళు మింగడాలే ఎక్కువ. పెద్ద ఆఫీసులు కంప్యూటర్లు కొన్నప్పుడే వాటి తల్లి పలకల ఆనవాళ్ళు సిస్టం చేసినవాళ్ళ దగ్గర రాయించి పెట్టుకుంటాయట. ఆ తర్వాత పెట్టె మార్చినా, డిస్కు మార్చినా, విప్పి ముక్కలు చేసి మళ్ళీ కట్టినా, ఆ పలకకి కొత్తగా సిస్టం ఎక్కించి నెట్ తగిలించగానే అది తన యజమాని ఎవరో చెప్పేస్తుందట. హోమ్ రకానికి ఆ అలవాటు లేదు. ఇంటి మనిషి కదా, నోరు మూసుకుని ఉంటుంది. ప్రొఫెషనల్‌కి ఉంది.

ఒక ప్రొఫెషనల్ ఇంకో ప్రొఫెషనల్‌ని పట్టించిందన్నమాట. వృత్తిధర్మం.

దొంగ సరుకు దాచాల్సి వస్తే ఎక్కడ దాస్తావు? కంప్యూటరుని దాచడానికి ఇంకో కంప్యూటరు కన్నా మంచి చోటు ఏముంది? అందులోనూ ఈ వాటాలవాళ్ళందరికీ తెలుసు, తాళాలాయన ఇంట్లో కంప్యూటరు కట్టుకుంటున్నాడని. అట్టపెట్టెలు వస్తుంటే ఎవరూ రెండోసారి చూడరు. ఇంత తెలివి ర్యామ్‌బాబుది కాదు. ర్యామ్‌బాబుకి మాటలు ఎక్కువ, మెమరీ తక్కువ. ఎవరిదీ తెలివి?

తాళాలాయన అడగబోయాడు. నిజంగానే నోరు తెరిచాడు. కానీ లోపల్నించి మాటకి బదులు ఒక తాళంచెవి వచ్చింది.

నెల్లాళ్ళ కిందట. కొట్లో రద్దీగా ఉన్న పూట. ర్యామ్‌బాబు వచ్చి ఒక ఇత్తడి తాళంచెవి బల్ల మీద పెట్టి, దీనికి మారుతాళం కావాలి బావా, తొందర అన్నాడు. బరువైన చెవి. పెద్ద గోదాముల తలుపులకి వేసే రకం. మధ్య పన్ను కొంచెం అరిగి, ఎడమవైపుకి వాలి ఉంది. అది రోజూ వాడే చెయ్యి ఎడమచెయ్యి అయి ఉండాలని ఆకురాయి పెడుతున్నప్పుడే అనుకున్నాడు. ఎవరిదని అడగలేదు. కోశాడు, నూనె గుడ్డతో తుడిచాడు, ఇచ్చేశాడు.

ఆయన భార్యది ఎడమచేతివాటం.

పొయ్యి ముందు గరిటె ఎడమచేత్తో తిప్పుతుంది, తలుపు ఎడమచేత్తో వేస్తుంది. ఇన్నేళ్ళ కాపరంలో ఆ చెయ్యి ఆయనకి తెలియనిది కాదు. తెలిసీ, ఆ పన్ను చూసీ, ఈ రెంటినీ కలపలేదు. కలిపితే అడగాల్సి వస్తుంది కనుక కలపలేదేమో. స్టోరు తాళం పగల్లేదని ఆఫీసంతా ఆశ్చర్యపోయింది. ఎందుకు పగులుతుంది? మారుతాళం కోసిన మేస్త్రి మంచి మేస్త్రి.

అప్పుడే గుమ్మంలో భార్య కనిపించింది. చెప్పులు విడుస్తూ, చెంగుతో మెడ తుడుచుకుంటూ తలెత్తింది. తెర చూసింది.

ఇక్కడ తాళాలాయన తన జీవితంలో నేర్చుకున్నదంతా కళ్ళల్లోకి తెచ్చుకుని ఆవిడ మొహం చూశాడు. ఏమీ ఎరగని మనిషయితే, ఇదేమిటి, ఇది ఇక్కడికి ఎలా వచ్చింది అనాలి. గుండె మీద చెయ్యి వేసుకోవాలి. తమ్ముడి చెంప మీదైనా వేయాలి. ఈ మూడింట్లో ఏదో ఒకటి చేయవే అని మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, "హోమ్ పెట్టమన్నాను కదరా," అంది.

తాళాలాయన కుర్చీలో కూర్చోలేదు, కుర్చీయే ఆయన కిందికి వచ్చింది.

ర్యామ్‌బాబు డబ్బా దించి తలొంచుకున్నాడు. బావే మార్చాడక్కా అని మాత్రం గొణిగాడు, బళ్ళో పక్కవాడి మీద చెప్పినట్టు. ఆవిడ భర్త వైపు తిరిగింది. కళ్ళల్లో భయం లేదు. అది ఉండి ఉంటే ఆయనకి కొంచెం బాగుండేది. అలసట ఉంది.

"ఆ తాళంచెవి నాదే," అంది. "ఎవరిదిరా అని మీరు ఒక్కమాట వాణ్ణి అడుగుతారనుకున్నాను. అడిగితే ఆ రాత్రే మీకు అంతా చెప్పేద్దామనుకున్నాను. మీరు అడగలేదు."

"నేను ఎవర్నీ అడగను. నీకు తెలుసు."

"తెలుసు. కుళాయికి ఎందుకు గుడ్డ చుట్టావని అడగలేదు. విప్పి చూసి, మళ్ళీ కట్టారు. ఆ ముడి నాది కాదండీ, నేను ఎడమవైపు వేస్తాను."

ఇన్నాళ్ళూ తనే ఆవిణ్ణి గమనిస్తున్నాననుకున్నాడు తాళాలాయన. తన ముళ్ళని ఆవిడ లెక్కపెడుతోందని తెలియలేదు. అనుమానించడం ఇద్దరికీ వచ్చు. అడగడం ఒకరికి రాదు, చెప్పడం ఒకరికి కుదరలేదు. ఒక ఇంట్లో రెండు తాళాలు, ఒకదాని చెవి ఒకదానిలో.

రేపు విచారణ గదిలో తనని కూర్చోబెట్టి, మారుతాళం కోసింది నువ్వేనా అని అడుగుతారు. అవును అనాలి. అసలు చెవి ఎవరిది అని అడుగుతారు. కోసిన పూట తెలియదు అంటే నిజం, ఎవరూ నమ్మరు. నమ్మని నిజం చెప్పడానికి అబద్ధమంత ధైర్యం కావాలి. దాహమేసింది. లేచి వంటింట్లోకి నడిచాడు. కొత్త డబ్బా ఇంకా గుమ్మం దగ్గరే ఉంది, మూత సీలు కూడా తీయలేదు. ఆయన చూపు కుళాయి మీద పడింది. గుడ్డ ముడి విప్పాడు. గ్లాసు పెట్టి తిప్పాడు. నీళ్ళు ధారగా, అద్దంలా, ఏ పాపమూ ఎరగనట్టు వచ్చాయి.

ఇవతల గదిలో భార్య సంచిలో ఫోను మోగడం మొదలైంది. ర్యామ్‌బాబు సంచిలోకి తొంగి చూసి, అక్కా, ఆఫీసరు అన్నాడు. పెట్టె కొద్ది నిమిషాల పాటే నోరు తెరిచింది, కానీ వినవలసినచోట ఎవరో విన్నారు. ఆదివారం పూట ఆఫీసరు ఊరికే ఫోను చేయడు.

ఆవిడ ఫోను వైపు వెళ్ళలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చింది, భర్తని చూసింది, అతని చేతిలో గ్లాసుని చూసింది. అప్పుడు, ఆ మధ్యాహ్నం మొదటిసారి, ఆవిడ మొహంలో ఆయన వెతుకుతున్న భయం కనిపించింది. తెరని చూసినప్పుడు లేని భయం, ఫోను మోగితే రాని భయం.

గ్లాసు ఆయన పెదాలకి తగిలింది.

ఆవిడ ఎడమచెయ్యి వచ్చి గ్లాసుని కొట్టింది. గ్లాసు తొట్టిలో పడి పగిలింది. నీళ్ళు ఆయన చొక్కా మీదా, ఆవిడ మణికట్టు మీదా చిందాయి. ఆవిడ ముందు ఆయన మొహాన్ని చెంగుతో తుడిచింది, పెదాలు గట్టిగా, చిన్నపిల్లాడికి తుడిచినట్టు. తన చెయ్యి తర్వాత తుడుచుకుంది.

"అవి తాగొద్దు," అంది.

ఫోను ఆగి, మళ్ళీ మోగింది. భోజనాల బల్ల మీద పెట్టె ఇంకా స్వాగతం పలుకుతూనే ఉంది. తాళాలాయన పగిలిన గ్లాసు వంక చూశాడు, విప్పిన గుడ్డ వంక చూశాడు, ఈ నీళ్ళనే రోజూ సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్షచేసే ఆఫీసులో స్టోరు చూసే తన భార్య వంక చూశాడు. ఆ కంప్యూటరు లోపల ఏ నీళ్ళ లెక్కలున్నాయని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఎవరు తీశారనే అడిగారు.

పెదనాన్న మాట ఎముకల్లోంచి ఒకసారి మూలిగింది. ఆయన దాన్ని ఊరుకోమన్నాడు.

"ఎందుకు తాగొద్దు?" అని అడిగాడు.